పురిటినొప్పులకు షెడ్యూలు ఉంటుందా?

ఉత్తరాంధ్ర వెనుకబాటు గురించి మాట్లాడమంటే మనవాళ్ళందరూ ఉక్కు ఫ్యాక్టరీతో మొదలుపెడతారు. తర్వాత రైల్వే జోను, ఆ తర్వాత వంశధార, తోటపల్లి, పోలవరం ఎడమ కాలువ, చివరగా వలసలు. అన్నీ నిజమే. ఏ ఒక్కటీ వదులుకోవలసింది కాదు. కానీ ఈ జాబితాలో ఒకటి ఎప్పుడూ రాదు. వచ్చినా చివర్లో, టైం అయిపోయిందని అధ్యక్షులవారు చీటీ పంపించాక వస్తుంది. అది పురిటి మంచం.

చోడవరం చుట్టుపక్కల మండలాల పేర్లు ఒకసారి చదవండి. మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి, రావికమతం, రోలుగుంట. ఈ పేర్లు పేపర్లో ఎప్పుడు కనబడతాయి? కర్రకు దుప్పటి కట్టి, అందులో నిండుచూలాలిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని కొండ దిగుతున్న ఫోటో వచ్చినప్పుడు. ఆ ఫోటో కింద మూడు లైన్ల వార్త. మర్నాడు అధికారి వివరణ. నెల తిరక్కుండా ఇంకో గూడెం, ఇంకో డోలీ, అవే మూడు లైన్లు. మారేది గర్భిణి పేరు ఒక్కటే.

ఆ వార్త రాసేవాళ్ళు రాయని సంగతి ఒకటుంది. రాయాల్సింది అదే.

గీత ఎవరు గీశారు?

పాడేరు, అరకు కొండల మీద ఉన్న గిరిజనుడు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వస్తాడు. అతనికి ఐటీడీఏ ఉంది, 1/70 చట్టం ఉంది, పీసా చట్టం ఉంది. ఇవన్నీ సక్రమంగా అమలవుతున్నాయని నేననడం లేదు. కాగితం మీదైనా ఉన్నాయి. అదే కొండకు ఈ పక్క వాలులో రావికమతం, రోలుగుంట, చీడికాడ, దేవరాపల్లి, మాడుగుల, గొలుగొండ, నాతవరం మండలాల గూడేలలో ఉండే కొండదొరలకు, కోదులకు ఆ కాగితం కూడా లేదు. వీళ్ళది 'నాన్ షెడ్యూల్డ్' ప్రాంతం. 1950లో షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వు వచ్చినప్పుడు గీత బయట మిగిలిపోయిన గూడేలు ఇవి. అదే జాతి, అదే భాష, అదే పోడు, అదే మలేరియా. గీత మాత్రం వేరు.

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లాను మూడు ముక్కలు చేశారు. ఏజెన్సీ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా కేంద్రం దగ్గరయిందని మనం సంతోషించాం. విశాఖ దాకా పోనక్కర్లేదు, ఇరవై కిలోమీటర్లు పోతే కలెక్టరు ఉంటాడు. మంచిదే. కానీ ఆ విభజనతో ఈ గూడేలు మైదాన ప్రాంత జిల్లాలో గిరిజనులుగా మిగిలిపోయాయి. జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. గిరిజనులు మాత్రం ఉన్నారు. వాళ్ళ కోసం ప్రత్యేకంగా కూర్చునే ఆఫీసరు కొండ అవతల, ఇంకో జిల్లాలో ఉంటాడు.

దీనికీ పురుటికీ సంబంధం ఏమిటని అడగొచ్చు. ఉంది. మన దేశంలో ఆసుపత్రులకు జనాభా లెక్క ఉంది. మైదానంలో 5,000 మందికి ఒక సబ్ సెంటరు, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, 1,20,000 మందికి ఒక సీహెచ్‌సీ. గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000కు, 20,000కు, 80,000కు ఒక్కొక్కటి. దారి కష్టం కాబట్టి ఆసుపత్రి దగ్గరుండాలని ఆ లెక్క పెట్టారు. న్యాయమైన లెక్కే. మరి కొండ మీదున్న గూడేన్ని మైదాన మండలంలో కలిపి లెక్కేస్తే ఏమవుతుంది? నర్సమ్మకు 5,000 మంది జనాభా అప్పగిస్తారు, అందులో మూడు గూడేలు గుట్టల మీద ఉంటాయి. ఆమె వారానికోసారి కొండెక్కితే దిగువ ఊళ్ళకు టీకాలు ఆగిపోతాయి. ఎక్కకపోతే గూడెం ఆగిపోతుంది. ఏది ఆగిపోయినా తప్పు నర్సమ్మదే అంటారు. లెక్క వేసినవాణ్ణి ఎవరూ అడగరు.

చావు ఎక్కడ కాపు కాస్తుంది?

పురుట్లో తల్లి చనిపోతే 'విధి' అనే రోజులు పోయాయి. ఎందుకు చనిపోతారో వైద్యశాస్త్రానికి తెలుసు. కాన్పు తర్వాత రక్తస్రావం, గుర్రపువాతం, పురిటి జ్వరం, బిడ్డ అడ్డం తిరగడం. వీటన్నిటి వెనక రక్తహీనత. మందులు కూడా కొత్తవి కావు. రక్తం ఆపడానికి ఆక్సిటోసిన్ సూది, ఫిట్సుకు మెగ్నీషియం సల్ఫేటు, జ్వరానికి యాంటీబయాటిక్కులు, అవసరమైతే ఆపరేషను, ఎక్కించడానికి రక్తం. చంద్రుడి మీదికి రాకెట్టు పంపిన దేశానికి ఇవి అసాధ్యం కాదు.

1994లో థాడియస్, మేన్ అనే ఇద్దరు పరిశోధకులు బాలింత మరణాల వెనక 'మూడు ఆలస్యాలు' ఉన్నాయని రాశారు. మొదటిది, ఆసుపత్రికి వెళ్ళాలని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఆలస్యం. రెండోది, దారిలో ఆలస్యం. మూడోది, ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మన పాలకులు ముప్పై ఏళ్ళుగా మొదటి ఆలస్యం గురించే ఉపన్యాసాలిస్తున్నారు. 'గిరిజనుల్లో అవగాహన లేదు, మూఢనమ్మకాలు ఎక్కువ, మంత్రసానిని నమ్ముతారు.' సరే. మరి డోలీ కట్టినవాళ్ళెవరు? అవగాహన లేనివాళ్ళు డోలీ కడతారా? నలుగురు మగవాళ్ళు కూలి మానుకుని, వానలో, చీకట్లో, భుజాలు ఒరుసుకుపోతుండగా అయిదారు కిలోమీటర్లు మోసుకొస్తున్నారంటే ఆ గూడెం ఆసుపత్రిని నమ్మిందనే కదా అర్థం? వాళ్ళు మొదటి ఆలస్యం దాటారు. మిగిలిన రెండూ సర్కారువి.

కాన్పయ్యాక ఆగకుండా రక్తం పోతే తల్లి ప్రాణం నిలిచే సమయం రెండు మూడు గంటలకు మించదు. ఆ రెండు గంటల్లో డోలీ కొండ దిగాలి, 108 రావాలి, పీహెచ్‌సీకి చేరాలి, అక్కణ్ణుంచి చోడవరమో నర్సీపట్నమో అనకాపల్లో పంపాలి, అక్కడా కాదంటే విశాఖ కేజీహెచ్‌కు పోవాలి. చోడవరం నుంచి కేజీహెచ్ సుమారు యాభై కిలోమీటర్లు. ఇటు పోయే దారి భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డు. బి.ఎన్. రోడ్డంటే ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. ఆ గోతుల మీద ఎన్ని ధర్నాలు జరిగాయో, ఎన్నిసార్లు వరినాట్లు వేసి నిరసన తెలిపారో లెక్కలేదు. మామూలు మనిషికే నడుం విరిగే రోడ్డు మీద నొప్పులు పడుతున్న మనిషి గతేమిటి?

108 గొప్ప పథకమే. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలోనే మొదలైంది, దేశమంతా దాన్ని చూసి నేర్చుకుంది. కాన్పయ్యాక తల్లినీ బిడ్డనూ ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ కూడా మంచిదే. కానీ రెండిటికీ చక్రాలున్నాయి. చక్రం తిరిగే చోటిదాకే వాటి దయ. రోడ్డు ఆగిపోయిన చోట పచ్చి బాలింత మూడు రోజుల గుడ్డును ఎత్తుకుని నడుచుకుంటూ కొండెక్కాలి. ఈ సంగతి ఏ ప్రకటన బోర్డు మీదా ఉండదు.

సగటు అనే దుప్పటి

ఇక లెక్కలు చూద్దాం. పాలకులకు లెక్కలంటే ఇష్టం.

2018–20 నమూనా రిజిస్ట్రేషను సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 45 మంది తల్లులు చనిపోతున్నారు. దేశం మొత్తానికి అది 97. కేరళలో 19. మన రాష్ట్రంలోనే 2001–03లో ఆ సంఖ్య 195. అంటే ఇరవై ఏళ్ళలో నాలుగో వంతుకు దిగింది. ఇది చిన్న విషయం కాదు. దాని వెనక నర్సమ్మలు, ఆశాలు, అంగన్‌వాడీ అక్కలు, డాక్టర్ల చెమట ఉంది. దాన్ని కాదనేవాడు ఉద్యమకారుడు కాడు, అబద్ధాలకోరు.

కానీ 45 ఎవరి సగటు? కృష్ణా డెల్టాలో కారులో నర్సింగు హోముకు పోయే గర్భిణికీ, రోలుగుంట కొండ మీద డోలీ ఎక్కే గర్భిణికీ కలిపిన సగటు. సగటు ఒక దుప్పటి లాంటిది. పైనుంచి చూస్తే అందరూ ఒకేలా కనిపిస్తారు. కింద ఎవరు ఒణుకుతున్నారో తెలియదు. ఆ సర్వే మాతృ మరణాల అంచనాను రాష్ట్రాల స్థాయికే ఇస్తుంది, జిల్లాలకు ఇవ్వదు. గూడెం సంగతి చెప్పనే అక్కర్లేదు. మన చావులు కృష్ణా, గుంటూరు లెక్కల్లో కరిగిపోతున్నాయి. ప్రత్యేక రాష్ట్రం ఎందుకని అడిగేవాళ్ళకు ఇదీ ఒక జవాబు. మన లెక్క మనకు కావాలి.

2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంకో కథ చెబుతుంది. రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. భేష్. అదే సర్వేలో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత. అయిదేళ్ళ లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత. అంతకు ముందు 2015–16 సర్వేలో పిల్లల సంఖ్య 58.6. అంటే తగ్గలేదు, పెరిగింది. 31.2 శాతం పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు లేరు. 20–24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది.

అంటే ఏమిటి? కాన్పు ఆసుపత్రిలోకి వచ్చింది గాని, తిండి వంటింట్లోకి రాలేదు. అనకాపల్లి బెల్లం దేశమంతా తింటుంది. ఆ బెల్లం చెరకు నరికిన ఆడకూలీ ఒంట్లో మాత్రం రక్తం లేదు. ఏడో నెలలో కూడా మోపు ఎత్తుతుంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు డబ్బులు బకాయి పడితే రైతు రోడ్డెక్కుతాడు, మనం పక్కన నిలబడతాం, నిలబడాలి కూడా. ఆ బకాయి దెబ్బ ఎక్కడ తగులుతుందో మాత్రం చూడం. ఇంట్లో ముందు తగ్గేది గుడ్డు, తర్వాత పాలు, తర్వాత పప్పు. చివర తినేది కోడలు. ఆమె కడుపులో ఉన్నదే రేపటి ఉత్తరాంధ్ర.

ఇంకో విచిత్రం చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక మాట చెప్పింది. సిజేరియన్లు పది శాతం దాటాక ఇంకెన్ని చేసినా తల్లీబిడ్డల చావులు తగ్గుతున్నట్టు కనబడదని. మన రాష్ట్రంలో అవి 42.4 శాతం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6, ప్రైవేటులో 63. నూరుమందిలో అరవై ముగ్గురికి కడుపు కోస్తేగాని బిడ్డ రాదా? మన తల్లులంతా ఎలా కన్నారు? కింద టవునులో అవసరం లేకపోయినా కత్తి. మీద గూడెంలో ప్రాణం పోతున్నా కత్తి లేదు. వైద్యం సరుకైన చోట ఇంతే. డబ్బున్న ఒంటిని కోస్తుంది, లేని ఒంటిని వదిలేస్తుంది.

ఇద్దరు ముగ్గుర్ని కనమంటున్నారు, ఎక్కడ కనాలి?

2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రాష్ట్రంలో జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమంది పిల్లల్ని కనాలన్నారు. ఆ నవంబరులోనే ఇద్దరు పిల్లల కంటే ఎక్కువ ఉన్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను అసెంబ్లీ ఎత్తేసింది. ఒకప్పుడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల టార్గెట్లతో ఆడవాళ్ళ వెంట పడ్డది ఈ సర్కార్లే. ఇప్పుడు కనమంటున్నదీ ఇవే. కనాలో వద్దో ఆ తల్లి ఇష్టం. కనమని పిలుపిచ్చేవాళ్ళు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఎక్కడ కనాలి? డోలీలోనా?

2013 ఆహార భద్రత చట్టం నాలుగో సెక్షను ప్రకారం గర్భిణికీ బాలింతకూ 6,000 రూపాయలకు తక్కువ కాకుండా ప్రసూతి సాయం హక్కు. చట్టం ప్రతి తల్లికీ అంది. 2017లో కేంద్రం తెచ్చిన మాతృ వందన పథకం మొదటి బిడ్డకు మాత్రమే, అదీ 5,000 అంది. తర్వాత రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 అని చేర్చారు. రెండో బిడ్డ మగపిల్లవాడైతే ఆ తల్లికి ఆకలి వేయదా? ఎక్కువమందిని కనమనేవాళ్ళకు చట్టంలోని 'ప్రతి' అన్న మాట ఎందుకు కనబడదు?

కొండ గూడెంలో పుట్టిన బిడ్డకు ఇంకో చిక్కు. ఇంట్లో పుట్టినా, దారిలో పుట్టినా 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. 2023లో చట్టం సవరించాక, ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఇతర గుర్తింపులకు జనన ధ్రువపత్రమే ఆధారం. సర్టిఫికెట్టు లేకపోతే ఆధార్ లేదు, ఆధార్ లేకపోతే పథకం లేదు. పుట్టిన బిడ్డ కళ్ళ ముందు ఏడుస్తున్నా, కంప్యూటరుకు పుట్టనట్టే.

ఇంక ఈ సేవలన్నీ మోసే ఆడవాళ్ళ సంగతి. అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు జీతాలు, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే అప్పటి ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఊరందరికీ గర్భం నాటి జాగ్రత్తలు చెప్పే ఆశా కార్యకర్తకు 180 రోజుల ప్రసూతి సెలవు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది ఎప్పుడో తెలుసా? 2025 మార్చిలో. అంటే ఆశా వ్యవస్థ మొదలైన ఇరవై ఏళ్ళకు. పురుడు పోసే చేతికే పురుటి సెలవు లేకుండా రెండు దశాబ్దాలు నడిపారు.

రాష్ట్రం వస్తే చాలదు

ఇక్కడ మన ఉద్యమంలోని మిత్రులు లేచి, అందుకే కదా రాష్ట్రం కావాలంటున్నాం అంటారు. నేనూ అంటాను. కారణాలు చెప్తాను.

2014 పునర్విభజన చట్టంలో 46వ సెక్షను కింద ఉత్తరాంధ్ర, రాయలసీమ వెనుకబడిన ప్రాంతాలకు ప్రత్యేక ప్యాకేజీ అన్నారు. చివరికి జిల్లాకు ఏడాదికి 50 కోట్ల లెక్కన ఏడు జిల్లాలకు 350 కోట్లు తేల్చారు. మూడేళ్ళు ఇచ్చారు. 2018 ఫిబ్రవరిలో నాలుగో విడత 350 కోట్లు వేసి వెనక్కి తీసుకున్నారు. మూడు రాజధానులన్నారు, విశాఖ పరిపాలనా రాజధాని అన్నారు, 2021 నవంబరులో ఆ చట్టాన్నీ వెనక్కి తీసుకున్నారు. నర్సీపట్నం దగ్గర మాకవరపాలెంలో మెడికల్ కాలేజీకి 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం పది మెడికల్ కాలేజీలను పీపీపీకి అప్పగించాలని నిర్ణయిస్తే అందులో నర్సీపట్నం, పార్వతీపురం రెండూ ఉన్నాయి. వేసిన రాయి ఒక ప్రభుత్వానిది, ఇచ్చేసిన చేయి ఇంకో ప్రభుత్వానిది, పురిటినొప్పులు మాత్రం మనవి. మన ప్రాంతం గురించి నిర్ణయించే బల్ల దగ్గర మనం ఎప్పుడూ మైనారిటీ. అందుకే రాష్ట్రం కావాలి.

చిన్న రాష్ట్రం చేయగలదని చెప్పడానికి సాక్ష్యం మన పక్కనే ఉంది. 2000 నవంబరు 1న పుట్టిన ఛత్తీస్‌గఢ్, రెండేళ్ళు తిరక్కుండా 2002లో 'మితానిన్' కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రతి పాడా నుంచి ఒక ఆడమనిషిని ఎంచి, ఆరోగ్యం నేర్పి, ఊరికి నిలబెట్టింది. 2005లో కేంద్రం ఆశా కార్యకర్తలను తెచ్చినప్పుడు చూసిన నమూనాల్లో అది ముఖ్యమైనది. 2014లో వచ్చిన తెలంగాణ 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ తెచ్చింది. సర్కారు ఆసుపత్రుల్లో కాన్పులు పెరిగాయి.

కానీ నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. అదే ఛత్తీస్‌గఢ్‌లో 2014 నవంబరులో బిలాస్‌పూర్ దగ్గర కుటుంబ నియంత్రణ శిబిరంలో ఆపరేషన్లు చేయించుకున్న పేద ఆడవాళ్ళు పదిమందికి పైగా చనిపోయారు. అదే తెలంగాణలో 2019–20 సర్వే నాటికి సిజేరియన్లు 60.7 శాతం, దేశంలోనే ఎక్కువ. సొంత జెండా ఎగిరినంత మాత్రాన పురిటి గది బాగుపడదు. ఉద్యమం నడిచినన్నాళ్ళూ ఏది అడిగామో, రాష్ట్రం వచ్చాక అదే దక్కుతుంది. ఉద్యమంలో పురిటి మంచం మాట లేకపోతే, రాష్ట్రం వచ్చాక కాంట్రాక్టర్లకు మంచాలు పడతాయి గాని బాలింతలకు పడవు.

అంతే కాదు, రాష్ట్రం వచ్చేదాకా నొప్పులు ఆగవు. ఈ వారమే నెలలు నిండుతున్న తల్లికి మన జవాబేమిటి?

దారి ఉంది, కొత్తది కూడా కాదు

మన ఉత్తరాంధ్రలోనే, సాలూరులో, పార్వతీపురం ఐటీడీఏ 2018లో ఒక పని చేసింది. యువజన శిక్షణ కేంద్రం భవనంలో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం పెట్టింది. కొండ మీది గర్భిణిని నెలలు నిండక ముందే కిందికి తీసుకొచ్చి, తిండి పెట్టి, పరీక్షలు చేసి, నొప్పులు రాగానే పక్కనే ఉన్న ఆసుపత్రికి చేరుస్తారు. డోలీ మోసే ఆ చీకటి రాత్రిని ముందే తప్పించేశారు. తర్వాత గుమ్మలక్ష్మీపురంలోనూ పెట్టారు. పెద్ద యంత్రాలు లేవు, పెద్ద ఖర్చు లేదు. మనసుంటే చాలు.

ఆ ఇల్లు చోడవరానికి ఎందుకు రాలేదు? ఎందుకంటే అది ఐటీడీఏ పెట్టింది, ఇక్కడ ఐటీడీఏ లేదు. మళ్ళీ అదే గీత. గీతకు ఆ పక్క గర్భిణికి ఇల్లు, ఈ పక్క గర్భిణికి డోలీ. పురిటినొప్పులకు షెడ్యూలు ఉంటుందా?

పసిబిడ్డల విషయంలోనూ దారి తెలుసు. తెలంగాణకు ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరే నవజాత శిశువులకు వైద్యం అందించారు. నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో రాశారు. బిడ్డను వెచ్చగా ఉంచడం, ముర్రుపాలు పట్టించడం, నిమ్ము చేస్తే వెంటనే గుర్తుపట్టి మందు ఇవ్వడం. ఇది మన ఆశాలకు చేతకాదా? నేర్పి, మందులిచ్చి, సరైన జీతమిస్తే చేతనవుతుంది.

అందుకే ఈ ప్రభుత్వాన్ని, రేపు రాబోయే మన ప్రభుత్వాన్ని కూడా, అడగాల్సినవి ఇవి:

ఒకటి, చోడవరం ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకైనా, పండగ పూటైనా ప్రసూతి డాక్టరు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, నిల్వ రక్తం ఉండాలి. ఈ నాలుగింట్లో ఒకటి లేకపోయినా అది ఆసుపత్రి కాదు, రిఫరల్ చీటీలు రాసే ఆఫీసు.

రెండు, నాన్ షెడ్యూల్డ్ గూడేల గర్భిణుల కోసం చోడవరంలోనో మాడుగులలోనో సాలూరు తరహా వసతి గృహం. వచ్చే వానాకాలం లోపే. ఆమెతో పాటు వచ్చే చిన్న పిల్లలకూ అక్కడ చోటుండాలి. పిల్లల్ని ఎవరికి వదిలి రావాలన్న బెంగతోనే చాలామంది దిగిరారు.

మూడు, ఈ గూడేలను అయిదో షెడ్యూలులో చేర్చాలి. ఆలోపు కనీసం ఆసుపత్రుల లెక్కలోనైనా గిరిజన ప్రాంతంగా చూడాలి. 3,000కు ఒక సబ్ సెంటరు.

నాలుగు, ఆహార భద్రత చట్టం చెప్పిన సాయం ప్రతి కాన్పుకూ ఇవ్వాలి. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు గూడెం దాకా చేరాలి.

అయిదు, ప్రతి తల్లి మరణాన్నీ జిల్లాలో సమీక్షించాలని నిబంధన ఉంది. ఆ సమీక్షలో తేలిన కారణాన్ని, పేరు బయటపెట్టకుండా, గ్రామసభలో చెప్పాలి. చావు ఫైల్లో మూసుకుపోకూడదు.

ఆరు, రోడ్లు. 2025 ఏప్రిల్‌లో ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ 'అడవితల్లి బాట' పేరుతో వెయ్యి కోట్ల పైచిలుకుతో గిరిజన గ్రామాల రోడ్లకు శ్రీకారం చుట్టారు. సంతోషం. గీతకు ఈ పక్క గూడేలకు ఆ బాట ఎప్పుడు వస్తుందో తేదీ చెప్పాలి.

మనం చేయాల్సింది కూడా ఉంది. బందుకు వందమందిని పోగేయగలం. రాస్తారోకోకు ట్రాక్టర్లు తేగలం. ఆ శక్తితోనే మండలానికో రక్తదాతల జాబితా రాయలేమా? ఫలానా గూడెంలో ఫలానా నెలలో ఎందరికి పురుడు అన్నది ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకుని, రోడ్డు చివర జీపో ఆటోనో సిద్ధంగా ఉంచలేమా? గూడెంలో పుట్టిన బిడ్డ పేరు 21 రోజుల్లో పంచాయతీ రికార్డుకు ఎక్కించలేమా? దీనికి పార్లమెంటులో బిల్లు అక్కర్లేదు. కొండెక్కే నాలుగు జతల కాళ్ళు చాలు. జెండా పట్టుకుని గూడెం పోతే ఓటు కోసం వచ్చారనుకుంటారు. రక్తం ఇవ్వడానికి పోతే మనవాళ్ళు వచ్చారనుకుంటారు.

రాష్ట్రం అంటే సచివాలయం, అసెంబ్లీ, బుగ్గకారు కాదు. ఆపదలో ఉన్న మనిషి పిలిస్తే పలికేది రాష్ట్రం. రావికమతం కొండల్లో అర్ధరాత్రి ఒక తల్లి నొప్పులతో కేక పెడితే, ఆ కేక చోడవరం ఆసుపత్రిలో దీపం వెలిగించిన రోజున ఉత్తరాంధ్ర రాష్ట్రం సగం వచ్చినట్టు. మిగతా సగం ఢిల్లీ నుంచి తెచ్చుకుందాం.